పది మీటర్లు

నీతిలో చివరి గుడి తీసేస్తే
మా ఊరి పేరు వస్తుంది: నీత్.
గుడి లేదు కనక
శనివారాలు రగ్బీకి పోతాం.
వేల్స్ వాన. దాన్నిక్కడ వాతావరణం అనరు,
పదహారో ఆటగాడంటారు.

నేను ఎక్స్‌రేలు తీసేదాన్ని.
భుజానికీ మెడకీ మధ్య ఎముక
శనివారం సాయంత్రం విరిగితే రగ్బీ,
ఆదివారం మధ్యాహ్నం విరిగితే మోటార్‌సైకిల్.
విరగడం మాత్రం ఒకేలా విరుగుతుంది.
తప్పెవరిదని అడిగితే చెప్పదు.

"కబడ్డీ లాంటిదా?" అని మా చెల్లి.
కూత లేని కబడ్డీ అన్నాను మొదట్లో.
కాదు.
ముందుకు పోవాలంటే బంతిని వెనక్కే ఇవ్వాలి.
ఈ ఒక్క రూలు ఒంటబట్టడానికి
నాకు మూడు చలికాలాలు పట్టింది.

నాకు నచ్చేది రిఫరీ.
అరవై అయిదు కిలోల లెక్కల మాస్టారు.
నూట ఇరవై కిలోల మనుషులు
చెవుల్లోంచి నెత్తురు కారుతుండగా
"సరే సార్" అంటారు ఆయనతో.
ఎదురు మాట్లాడితే పది మీటర్లు వెనక్కి.
మళ్ళీ నోరెత్తితే ఇంకో పది.

అదే ఐక్యరాజ్యసమితి ఆడిస్తే
అయిదుగురు ప్రాప్‌లకి వీటో ఉంటుంది.
స్క్రమ్ కూల్చినవాడే చెయ్యెత్తి
కూలలేదంటాడు.
రిఫరీ తీవ్ర ఆందోళన వెలిబుచ్చి
టీ తాగడానికి వెళ్తాడు.

ఈ మాట బార్లో అంటే
ఎమ్రిస్ పొట్ట పట్టుకుని నవ్వాడు.
లెవాన్ నవ్వలేదు.

లెవాన్ మా ప్రాప్. జార్జియా వాడు,
అమెరికాలోది కాదు, కొండల జార్జియా.
మెడ లేదు. తలని నేరుగా
భుజాల మీద పెట్టి పంపించారు.
నవంబరులో బొటనవేలు విరగ్గొట్టుకుని
నా బల్ల మీద చెయ్యి పెట్టాడు.
కదలొద్దన్నాను.
కదలకుండా చెప్పాడు:
వాళ్ళ నాయనమ్మ ఊళ్ళో ముళ్ళకంచె ఉంది,
అది రాత్రిళ్ళు నడుస్తుంది.
ఒకరోజు పొద్దున్నే తలుపు తీస్తే
ఇల్లు ఇటు, ఆపిల్ చెట్లు అటు.

ఏమడగాలో తెలియక
"ఎంత జరిపారు?" అన్నాను.
"పది మీటర్లు.
మేమెవరం ఎదురు మాట్లాడలేదు.
ఈల కూడా వినబడలేదు."

తెర మీద ఎముక వచ్చింది. సన్నని గీత.
సరిహద్దులా ఉందని రాసుకుంటే బావుండేది.
కాని అది ఎముక.
ఆరు వారాల్లో అతుక్కుంది.

ఆ ఆదివారం బండి తీశాను. ఎన్‌ఫీల్డ్.
పేరు ఇంగ్లండుది, ఇంజను మద్రాసుది,
ఇన్సూరెన్సు కార్డిఫ్‌ది,
నూనె కారడం మాత్రం దాని సొంతం.
కొండ దారిలో గొర్రెలు
రోడ్డుకి హక్కుదారుల్లా కూచుని ఉన్నాయి.

బండి మన చూపు వెంట పోతుంది.
గోడని చూస్తే గోడకే.
"మలుపు అవతలి రోడ్డుని చూడు"
అని అరిచేది, నాకు నేర్పిన నెస్టా.
దేశాలకి నెస్టా లేదు.
గోడ మీదే కన్నేసి
గేరు మారుస్తుంటాయి.

ఎదురొచ్చే బైకువాడు తలూపుతాడు.
నేనూ ఊపుతాను.
ఇది ప్రపంచశాంతి కాదు, తెలుసు.
హెల్మెట్ తీశాక అతనే రేపు ఆస్పత్రిలో
"మీదసలు ఏ ఊరు, అసలు?" అంటాడేమో.
అయినా ఊపుతాను,
మెడ ఉన్నందుకు.

జనవరిలో లెవాన్ మళ్ళీ దిగాడు.
ఆఖరి నిమిషాల్లో ఈల.
స్క్రమ్ నువ్వే కూల్చావన్నారు మాస్టారు.
జన్మలో నోరెత్తనివాడు
రెండు చేతులూ చాచి, వాళ్ళ భాషలో,
ఏదో పెద్ద వాక్యమే అన్నాడు.
పది మీటర్లు.
అవతలి జట్టు గోల్‌కి కొట్టింది.
పంతొమ్మిది, పదహారు. ఓడిపోయాం.
నేనూ అరిచాను, కళ్ళజోడు పెట్టుకోమని.

తర్వాత బార్లో, తడి సాక్సులతో,
"ఎందుకు నోరు జారావు?" అన్నాను.
"ఈల వినబడింది కదా," అన్నాడు.

మాస్టారికి బీరు తనే కొన్నాడు.
గ్లాసుని బల్ల మీద అటువైపు జరిపాడు,
ఒక అంగుళం, ఇంకో అంగుళం,
ఆయన చేతికి అందేదాకా.